పసుపు చుక్క

ఓబులేసుకి మూడు రోజులుగా ఒకటే ప్రశ్న. అన్నీ తిరుగుతున్నాయి, అన్నీ పనిచేస్తున్నాయి. మరి చల్లదనం ఎక్కడికి పోతోంది?

బండి మాలకొండమ్మది. పెద్ద వ్యాను. కనిగిరి చుట్టుపక్కల ఊళ్ళలో కిడ్నీలు చెడిపోయినవాళ్ళు ఏడుగురిని మంగళవారం, శనివారం ఒంగోలు తీసుకెళ్ళి, డయాలసిస్ చేయించుకున్నాక మళ్ళీ ఎవరిళ్ళ దగ్గర వాళ్ళని దింపుతుంది. ఆమే డ్రైవరు, ఆమే ఓనరు. ఎండాకాలం వచ్చిందంటే ఆ బండికి ఏసీ ఉండి తీరాలి. ఎందుకంటే వాళ్ళు దాహమేసినా నీళ్ళు తాగకూడదు. రోజుకి ఇన్ని గుక్కలని లెక్క. లెక్క దాటితే ఆ నీరు ఒంట్లోనే ఉండిపోతుంది, ఊపిరి ఆడదు.

ఇప్పుడా బండిలో ఏసీ వేస్తే వేడిగాలి వస్తోంది. పొయ్యి ముందు కూర్చున్నట్టే.

ఓబులేసు ఏసీ పని నేర్చుకున్నది పొదిలి రోడ్డులో రేకుల షెడ్డు ఉన్న మస్తానయ్య మేస్త్రి దగ్గర. పదకొండేళ్ళయింది. పనిమంతుడు. బండి షెడ్డులోకి వస్తుంటేనే శబ్దం విని జబ్బు చెప్పేస్తాడని పేరు కూడా వచ్చింది. ఆ పేరు వచ్చిన దగ్గర్నుంచి అతను బండివాళ్ళు చెప్పేది సగమే వింటున్నాడు. మస్తానయ్య అది గమనించాడు గానీ ఏమీ అనలేదు. ఆయన అసలే తక్కువ మాట్లాడే మనిషి. ఒక మాటతో అయ్యే పనికి ఆ ఒక్క మాటా ఎందుకని ఆలోచించే రకం.

చేరిన మొదటిరోజు మాత్రం ఒక సంగతి చెప్పాడు.

"ఏసీ చల్లదనం తయారు చెయ్యదురా. లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది. అంతే దాని పని."

ఓబులేసుకి ఆ మాట కంఠతా వచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళకి అతనే చెబుతుంటాడు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఒక భాగం విప్పి, బాగుచేసి, బిగించి, తిప్పి చూశాక దాని మీద పసుపు పెయింటుతో చిన్న చుక్క పెడతారు. చుక్క ఉందంటే అది అయిపోయింది, మళ్ళీ చూడక్కర్లేదని అర్థం. పెయింటు డబ్బా, కుంచె మస్తానయ్య బల్ల కిందే ఉంటాయి. మొదట్లో చుక్క ఆయనే పెట్టేవాడు. నాలుగేళ్ళ నుంచి ఓబులేసు కూడా పెడుతున్నాడు. కుంచె తన చేతికిచ్చిన రోజు ఓబులేసు ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్పుకున్నాడు.

మాలకొండమ్మ బండి మొదటిసారి వచ్చినప్పుడు మస్తానయ్య ఊళ్ళో లేడు. దర్శిలో మనవరాలి పెళ్ళి చూపులని వెళ్ళాడు. ఓబులేసు బండి ముందు వైపు చూడగానే తప్పు దొరికింది. ఏసీ ఫ్యాను మోటారు కాలిపోయింది. కొత్తది తెచ్చాడు. దాని ప్లగ్గు పాతదానికి పట్టలేదు. వైర్ల రంగులూ వేరే. కత్తిరించి, రెండిటికి రెండు కలిపి, టేపు చుట్టాడు. తిప్పి చూశాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. పసుపు చుక్క పెట్టాడు.

"అయిపోయిందక్కా, మంచులా వస్తది చూడు" అన్నాడు.

మంగళవారం బండి వెళ్ళింది. వచ్చేటప్పుడు చీమకుర్తి దగ్గర గ్రానైటు లారీల వెనకాల అరగంట ఆగింది. మిట్టమధ్యాహ్నం. లోపల వేడిగాలి తప్ప ఏమీ లేదు. ఆ ఏడుగురిలో ఒకామె, ఎస్తేరమ్మ టీచరు, తన సీసాలో నీళ్ళన్నీ తాగేసింది. చాలక పక్కామె సీసా కూడా అడిగి తాగింది. ఆ రాత్రి ఊపిరాడక ఆమెను మళ్ళీ ఒంగోలే తీసుకెళ్ళాల్సి వచ్చింది.

బుధవారం పొద్దున్నే మాలకొండమ్మ బండి తెచ్చి షెడ్డు ముందు ఆపింది. దిగి తలుపు గట్టిగా వేసింది.

"మంచు బాగా కురిసిందయ్యా ఓబులేసూ. టీచరమ్మ ఆస్పత్రిలో ఉంది."

"అక్కా, మరి ఫ్యాను..."

"పరిగెత్తేటప్పుడు ఏదో కాస్త చల్లగాలి లాగా ఉంటంది. ఆగామా..."

"సర్లే అక్కా, నేను చూస్తాగా. వేరే ఏదో పోయి ఉంటది."

ఆమె నోరు మూసుకుంది. "శనివారానికి కావాలి. కాదంటే ఇప్పుడే చెప్పు. ఆ ఏడుగురినీ నేను ఈ కుంపట్లో కూర్చోబెట్టను" అని బస్సెక్కి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఓబులేసు ఆ బండి దగ్గరే ఉన్నాడు. గ్యాసు తీశాడు, మళ్ళీ నింపాడు. పైపులన్నీ సబ్బునురుగు రాసి చూశాడు. ఎక్కడా బుడగ లేదు. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి, లోపల వేడిగాలికీ చల్లగాలికీ మధ్య మారే చిన్న తలుపు సరిగ్గా మూసుకుంటోందా లేదా అని బ్యాటరీ లైటు వేసి చూశాడు. మూసుకుంటోంది. గ్యాసు ఒత్తిడి చూపించే గేజి పెట్టి చూస్తే మాత్రం ముల్లు పైపైకి పోతోంది. కాసేపటికి గ్యాసుని నొక్కి తిప్పే కంప్రెసర్ టక్కున ఆగిపోతోంది. ఇక వచ్చేదంతా వేడిగాలే.

శుక్రవారం పొద్దున అతను మస్తానయ్య బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆయన సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"మేస్త్రీ, కంప్రెసర్ పోయింది."

"ఊఁ."

"కొత్తది విజయవాడ నుంచి రావాలి. పది రోజులంట."

"రేపే కదా శనివారం."

"అదే మరి. ఏం చెయ్యను? అన్నీ చూశా."

"అన్నీ?"

"గ్యాసు చూశా, పైపులు చూశా, లోపల మొత్తం విప్పి చూశా. ఇంక మిగిలింది అదొక్కటే."

"ముందు వైపో?"

"ముందు వైపు చుక్క పెట్టేశా కదా మేస్త్రీ."

మస్తానయ్య సాసరు కింద పెట్టాడు. కాసేపు శిష్యుడి మొహం వంక చూశాడు. ఏదో అంటాడని ఓబులేసు నిలబడ్డాడు. ఆయన రోడ్డు వైపు తిరిగాడు.

రోడ్డు మీద సాంబ్రాణి ఫకీరు మౌలాలి వస్తున్నాడు. ప్రతి శుక్రవారం వస్తాడు. ఒక చేతిలో నిప్పుల పాత్ర, ఇంకో చేతిలో నెమలీకల కట్ట, భుజానికి పచ్చగుడ్డ సంచి. వరసన అన్ని కొట్లకీ ధూపం వేసుకుంటూ వస్తాడు. షెడ్డులోకి వచ్చి, నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, ముందు మస్తానయ్య బల్లకి, తర్వాత గోడకి వేలాడే రెంచీలకి, స్పానర్లకి, పైన పటాలకి, అన్నిటికీ వేశాడు. పొగ దట్టంగా లేచింది.

"తాతా, ఇక చాలు, పనుంది" అన్నాడు ఓబులేసు.

"మౌలాలి భాయ్" అన్నాడు మస్తానయ్య, "ఈ బండికి కూడా వెయ్యి."

"దానికేమైంది?"

"ఒళ్ళు కాలిపోతోంది."

మౌలాలి నవ్వి బండి ముందుకి వెళ్ళాడు. మస్తానయ్య ఓబులేసు వైపు తిరిగాడు.

"బండి స్టార్ట్ చెయ్యి. ఏసీ వెయ్యి."

ఓబులేసు వేశాడు. వేడిని బయట పారబోసే ముందు జాలీ వెనకాల ఫ్యాను గిర్రుమంది. దాని మీద పసుపు చుక్క ఒక గీతలా మెరిసింది.

"దగ్గరగా పెట్టు భాయ్. ఇంకా దగ్గరగా. ఆ జాలీకి ఆనించు."

మౌలాలి నిప్పుల పాత్ర జాలీకి ఆనించి పట్టుకున్నాడు. పొగ జాలీ దాకా వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగినట్టయి, గిర్రున వెనక్కి తిరిగి మౌలాలి మొహాన కొట్టింది. ఆయన దగ్గుతూ రెండడుగులు వెనక్కి వేశాడు.

"యా అల్లా! ముప్పై ఏళ్ళ నుంచి ధూపం వేస్తన్నా. ఇచ్చిన పొగ తిరిగి నా మొహానే ఊసిన బండి ఇదే."

"గాలి తాతా. రోడ్డు గాలి" అన్నాడు ఓబులేసు.

మస్తానయ్య వెళ్ళి షట్టరు కిందికి దించాడు. పైన తిరిగే ఫ్యాను స్విచ్చి ఆపాడు. షెడ్డులో చీకటి పడినట్టయింది. రేకుల్లో చిల్లుల గుండా ఎండ గీతలు గీతలుగా పడుతోంది. ఆ గీతల్లో పొగ బాగా కనిపిస్తోంది.

"ఆపు" అన్నాడు మస్తానయ్య.

ఓబులేసు ఏసీ ఆపాడు. ఫ్యాను నిలిచింది. పొగ మౌలాలి చేతిలోంచి దారంలా నిటారుగా పైకి లేచింది.

"వెయ్యి."

వేశాడు. పొగ వంగి, ఈసారి నేరుగా మస్తానయ్య చొక్కా మీదికి వచ్చింది.

"ఆపు."

నిటారుగా లేచింది.

"వెయ్యి."

ఓబులేసు వెంటనే వెయ్యలేదు. డ్రైవరు సీట్లోంచి దిగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్విచ్చి వేశాడు. వచ్చి జాలీ ముందు నిలబడ్డాడు. పొగ అతని కళ్ళల్లోకి వచ్చింది. దాని వెనకాల ఇంజను వేడి కూడా వచ్చింది, మొహం మీద కొట్టినట్టు. కళ్ళు మండాయి. అయినా మొహం తిప్పుకోలేదు.

"ఎటు పోతోందిరా పొగ?" అన్నాడు మస్తానయ్య. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలనుకుంటున్నవాడిలా అడిగాడు.

ఓబులేసు పొగ వంకే చూశాడు. ఫ్యాను బయటి గాలిని లోపలికి లాక్కోవాలి. వేడిని జాలీ మీద నుంచి తుడిచి వెనక్కి పంపాలి. ఇది ఇంజను వేడినంతా తెచ్చి ఆ జాలీ మీదే పోస్తోంది. పారబోయాల్సిన వేడి ఎక్కడికీ పోవడం లేదు. బండి పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి దాన్ని కాస్త తుడిచేది, ఆగితే అదీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. ఉల్టా తిరుగుతోంది.

తను కలిపిన రెండు వైర్లు. ఏది ఎటో చూడకుండా.

అతను కిందికి దూరాడు. టేపు కోశాడు. వైర్లు రెండూ విప్పి అటుది ఇటు, ఇటుది అటు కలిపాడు. మళ్ళీ టేపు చుట్టాడు. పైకి వచ్చి ఏసీ వేశాడు.

మౌలాలి ఈసారి చెయ్యి బాగా చాపి, మొహం పక్కకి తిప్పుకుని పాత్ర పెట్టాడు. పొగ మొత్తం దారం లాగినట్టు జాలీలోకి వెళ్ళిపోయింది. ఒక్క పోగు కూడా బయట మిగలలేదు.

"ఇప్పుడు తింటంది" అన్నాడు మౌలాలి.

గేజి ముల్లు నెమ్మదిగా దిగింది. కంప్రెసర్ ఆగలేదు. లోపల చెయ్యి పెడితే వేళ్ళు చల్లబడ్డాయి. ఓబులేసు ఏసీ ఆపి, ఫ్యాను నిలిచాక, దాని మీది పసుపు చుక్కని గోటితో గీకాడు. అది మొండిగా అంటుకుని ఉంది. స్క్రూడ్రైవరు తెచ్చి గీకాడు.

మస్తానయ్య షట్టరు పైకి లేపి, చల్లారిపోయిన టీ తాగేశాడు.

మధ్యాహ్నం మాలకొండమ్మ వచ్చింది. లోపల కూర్చుని చూసింది. పావుగంట కూర్చుంది. దిగి వచ్చింది.

"బాగుంది. ఏందంట జబ్బు? కంప్రెసరేనా?"

"కాదక్కా. ఫ్యాను ఉల్టా తిరుగుతోంది. వైర్లు అటుఇటు పడ్డాయి."

"అట్టాంటి పని ఏ మహానుభావుడు చేశాడు?"

మస్తానయ్య ఒక పాత పైపు అంచుని ఆకురాయితో రుద్దుతున్నాడు. ఆ చప్పుడు ఆగలేదు, పెరగలేదు.

పోయిన నెల ఈ బండి వేరే షెడ్డుకి వెళ్ళిందని ఓబులేసుకి తెలుసు. తప్పు వాళ్ళ మీదికి నెట్టే మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"నేనే అక్కా" అన్నాడు.

మాలకొండమ్మ అతన్ని చూసింది.

"మొన్న చెప్పబోయా నీకు. ఆగామంటే నిప్పులే అని. వింటివా?"

"వినలేదక్కా."

"నాకు చెబితే ఏమొచ్చింది? ఊపిరాడక అల్లాడింది నేను కాదుగా. ఆమెకి చెప్పు." తాళాలు తీసుకుని బండెక్కింది.

బండి వెళ్ళాక మస్తానయ్య ఆకురాయి పక్కన పెట్టాడు.

"రేపు బండెక్కు" అన్నాడు.

శనివారం తెల్లారగట్ల ఓబులేసు వెనక సీట్లో కూర్చున్నాడు. ఒక్కొక్క ఊరి దగ్గరా ఒక్కొక్కరు ఎక్కారు. ఆస్పత్రి నుంచి ఇల్లు చేరిన ఎస్తేరమ్మ టీచరు అతని పక్కనే కూర్చుంది. బక్కపలచని మనిషి, తెల్లచీర. ఒళ్ళో చిన్న నీళ్ళ సీసా. దాని మీద నీలం పెన్నుతో మూడు గీతలు గీసి ఉన్నాయి.

"ఇవేంటి టీచరమ్మా?" అని అడిగాడు.

"మొదటి గీత పొదిలి దాకా. రెండోది ఒంగోలు దాకా. మూడోది ఇల్లు చేరిందాకా" అంది ఆమె. "పిల్లలకి కొలతలు నేర్పి నేర్పి, నాకే పనికొచ్చాయి చూడు."

వెళ్ళేటప్పుడు పొద్దుటి చల్లదనమే చాలు. ఏసీ అవసరం లేదు. ఓబులేసు చెప్పాల్సింది చెప్పలేకపోయాడు. ఒంగోలులో నాలుగు గంటలు మెట్ల మీద కూర్చున్నాడు. అప్పుడూ చెప్పలేదు.

వచ్చేటప్పుడు ఎండ నిప్పులు కక్కుతోంది. చీమకుర్తి దాటబోతుండగా ముందు ఒక గ్రానైటు లారీ ఇరుసు విరిగి అడ్డంగా ఆగింది. బండ్లన్నీ ఆగిపోయాయి. మాలకొండమ్మ బ్రేకు వేసింది. బండిలో అందరూ ఒక్కసారి కదిలారు. ఎస్తేరమ్మ చెయ్యి తనకి తెలియకుండానే సీసా మూత మీదికి పోయింది.

ఓబులేసు పైన గాలి వచ్చే కన్నం దగ్గర చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఐదు నిమిషాలు. చల్లగానే ఉంది. పది నిమిషాలు. చల్లగానే ఉంది. మాలకొండమ్మ అద్దంలోంచి అతన్నే చూస్తోంది. ఇరవై నిమిషాలయింది. ముందు సీట్లో ఒక ముసలాయన తల వాల్చి గుర్రు పెట్టడం మొదలుపెట్టాడు.

ఎస్తేరమ్మ మూత మీంచి చెయ్యి తీసేసింది.

ఇక ఎవరూ ఏమీ అడగరు. చెప్పకపోయినా నడిచిపోతుంది. ఓబులేసుకి ఆ సంగతి తెలుసు.

"టీచరమ్మా, మంగళవారం వేడిగాలి వచ్చింది నావల్లే" అన్నాడు. "ఫ్యాను ఉల్టా బిగించా. తిరుగుతోంది కదా అనుకున్నా. ఎటు తిరుగుతోందో చూడలేదు."

ఆమె అతని వంక తిరిగింది. కళ్ళజోడు సర్దుకుంది.

"నువ్వా?"

"నేనే."

"మా బళ్ళో అయితే గోడకుర్చీ వేయించేదాన్ని."

"వేస్తానమ్మా."

"బండిలో గోడెక్కడుంది, కూర్చో" అంది. మళ్ళీ తనే అడిగింది. "అవునూ, ఎటు తిరుగుతోందో ఎట్లా కనుక్కున్నారు? గాలి కంటికి కనపడదు కదా?"

ఓబులేసు సాంబ్రాణి సంగతి చెప్పాడు. మౌలాలి మొహాన పొగ కొట్టిన దగ్గర ఆమె నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది గానీ, నీళ్ళు తాగలేదు.

సాయంత్రం నాలుగున్నరకి బండి షెడ్డు ముందు ఆగింది. ఓబులేసు దిగాడు. ఎస్తేరమ్మ కిటికీ అద్దం దించి, బయట నిలబడ్డ మస్తానయ్యకి సీసా ఎత్తి చూపించింది. నీళ్ళు మూడో గీత పైనే ఉన్నాయి, రెండు వేళ్ళ ఎత్తు.

మస్తానయ్య తల ఊపాడు. లోపలికి వెళ్ళి, బల్ల కిందికి వంగి పసుపు పెయింటు డబ్బా తీసి, మూత విప్పి, కుంచె ముంచి ఓబులేసు వైపు చాపాడు.

ఓబులేసు కుంచె వంక చూశాడు. దాని చివర్నుంచి ఒక బొట్టు జారి నేల మీద పడింది.

"మంగళవారం కూడా వెళ్ళొచ్చాక పెడతా మేస్త్రీ" అన్నాడు.

మస్తానయ్య కుంచె తుడిచి, డబ్బాకి మూత పెట్టాడు.